గీత బయట నిలబడే మనిషి

నేను కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నానని మన శాఖలో చాలామందికి తెలుసు. నేను ఆడగా ఎవరూ పెద్దగా చూడలేదని కూడా తెలుసు. జట్టులో మేం పన్నెండు మందిమి. కోర్టులో ఒకసారికి ఉండేది అయిదుగురే. మిగిలిన ఏడుగురికీ బెంచీ. ఆ ఏడుగురిలో కూడా నాది చివరి చోటు. కాకపోతే కోచ్ మేడమ్ పక్క కుర్చీ నాది. అది నాకెట్లా వచ్చిందో తర్వాత చెప్తాను. నాకంటే బాగా ఆడేవాళ్ళు జట్టులో పదకొండు మంది ఉన్నారు గానీ, మ్యాచ్ జరిగేటప్పుడు మేడమ్ ఏం చేస్తారో నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు లేరు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

రాయడానికి కారణం ఒకటుంది. వచ్చే నెల మేం అంతర్ కళాశాల పోటీలకు వేరే ఊరు పోవాలి. ప్రాక్టీసు చేయించడం అయిపోయాక కోచ్ కూడా వెంట పోవాలా, రానూపోనూ చార్జీలు, బస ఖర్చు దేనికి, మ్యాచ్‌లో కెప్టెన్ చూసుకోదా అన్న మాట మా చెవిన పడింది. అన్నవాళ్ళని నేను తప్పు పట్టడం లేదు. బయటినుంచి చూస్తే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది. మా అవ్వ నా ఫోన్లో మ్యాచ్ వీడియో చూసి అదే అడిగింది. "ఆయమ్మ ఆడేది లేదు, పరిగెత్తేది లేదు. పక్కన నిలబడుకోని అరిచేదానికి సంబళమా?" అంది.

మా ఇంట్లో అవ్వతో తెలుగు, నాన్నతో తమిళం, అమ్మతో రెండూ కలిపి. నాన్న ఇదే ప్రశ్నని తమిళంలో నా మీద వేశారు. ఆడని పిల్ల అన్ని మ్యాచ్‌లకూ పోవడం దేనికి అని. ఆలోచిస్తే ఇద్దరి ప్రశ్నా ఒకటే. గీత బయట ఉండే మనిషి వల్ల గీత లోపల ఏమైనా జరుగుతుందా?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు, ఆటతోపాటే పుట్టింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయ్‌స్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో లోపల ఆడుకోవడానికని ఈ ఆట కనిపెట్టాడు. పీచు పండ్ల బుట్టలు రెండు బాల్కనీ అంచుకి కొట్టి, 13 నియమాలు రాశాడు. ఆ నియమాల్లో తీర్పు చెప్పేవాళ్ళు ఇద్దరున్నారు. కోచ్ అనే మనిషి లేడు. ఆ మరుసటి సంవత్సరమే దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అనే ఆవిడ ఈ ఆటని తన విద్యార్థినులకు నేర్పింది. అది మనలాంటి మహిళా కళాశాల. 1893లో అక్కడ మొదటి సంవత్సరం వాళ్ళకీ రెండో సంవత్సరం వాళ్ళకీ మ్యాచ్ పెట్టారు. చూడడానికి మగవాళ్ళని రానివ్వలేదు. ఆడవాళ్ళు కాలేజీలో ఆడిన మొదటి బాస్కెట్‌బాల్ అదే అంటారు.

నెయ్‌స్మిత్ తర్వాత కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడి జట్టుకి కోచ్ అయ్యాడు. 55 గెలిచి 60 ఓడాడు. ఆ విశ్వవిద్యాలయం కోచ్‌లలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నది ఆటని కనిపెట్టిన ఈయనకొక్కడికే. బాస్కెట్‌బాల్‌కి కోచింగ్ ఏమిటి, ఆడుకోవడమే కదా అని ఆయన తన శిష్యుడు ఫాగ్ అలెన్‌తో అన్నాడని చెప్పుకుంటారు. ఆ అలెన్ తర్వాత అదే జట్టుకి దశాబ్దాలపాటు కోచ్‌గా ఉండి, బాస్కెట్‌బాల్ కోచింగ్‌కి పితామహుడని పేరు తెచ్చుకున్నాడు. గురువుగారి మాట వినకపోవడమే మంచిదైంది.

అయినా కోచ్‌లని నమ్మడానికి ఆటకి చాలాకాలం పట్టింది. 1910 సీజన్‌ నుంచి అమెరికా కాలేజీ ఆటలో, ఆట జరుగుతుండగా జట్టుకి సంబంధించినవాళ్ళెవరూ బయటినుంచి సలహాలు చెప్పకూడదని నియమం పెట్టారు. మొదటిసారి హెచ్చరిక, ఆ తర్వాత ఎదుటి జట్టుకి ఫ్రీ త్రో. టైమ్ అవుట్‌లో కోచ్ తన ఆటగాళ్ళతో మాట్లాడవచ్చన్న అనుమతి 1948–49 సీజన్‌లో గానీ రాలేదు. ఈ మధ్య కాలంలో కూడా కోచ్ నోరు మెదపకుండా నడిచిన ఆట ఉంది. జట్టుకి ముగ్గురు ఆడే 3x3 ఆట మొదటిసారి టోక్యో ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు కోచ్‌లని కోర్టు పక్కన కూర్చోనివ్వలేదు. ప్రేక్షకుల మధ్య కూర్చుని చూడాల్సిందే. ఎవరు దిగాలో ఎవరు కూర్చోవాలో ఆ నలుగురే తేల్చుకున్నారు. అంటే కోచ్ లేకుండా బాస్కెట్‌బాల్ ఆడొచ్చు. అందులో అనుమానం లేదు. పది నిమిషాల 3x3కి అది చెల్లుతుంది. పది నిమిషాల క్వార్టర్లు నాలుగుండే మా ఆటకి ఎంతవరకు చెల్లుతుందన్నదే అసలు సంగతి.

బెంచీ మీద కూర్చున్నాక నాకు మొదట తెలిసింది ఏమిటంటే, మేడమ్ అరిచేదాంట్లో ఎక్కువ భాగం లోపలున్నవాళ్ళకి వినపడదు. ఎదుటి కాలేజీ వాళ్ళు డప్పులు తెచ్చుకుంటారు. బంతి చప్పుడు, బూట్ల కీచు, రిఫరీ ఈల. వీటన్నిటికీ తోడు ఆడేవాళ్ళకి తమ ఊపిరే పెద్దగా వినపడుతుంటుంది. మ్యాచ్ అయ్యాక "మేడమ్ అట్లా చెప్పారు కదక్కా, వినలేదా?" అని అడిగితే "ఎప్పుడు?" అంటారు.

వినపడినా ఒక్కోసారి ప్రమాదమే. మా పాయింట్ గార్డుది నెల్లూరు వైపు. హాస్టల్లో ఉంటుంది, మన శాఖ అమ్మాయే, పేరు రాయొద్దంది. అప్పటికి ఆమె చెన్నై వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, తమిళం ఇంకా నోటికి రాలేదు. మేడమ్‌కేమో తొందరలో తమిళం తప్ప ఇంకోటి రాదు. ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టు అమ్మాయి బంతి కొట్టుకుంటూ వేగంగా వస్తుంటే మేడమ్ "వలదు! వలదు!" అని గట్టిగా అరిచారు. తమిళంలో వలదు అంటే కుడి. కుడివైపు దారి మూసెయ్యమని ఆమె చెప్పడం. మన పిల్లకి పద్యాల్లో చదువుకున్న వలదు గుర్తొచ్చింది. అడ్డుపోవద్దంటున్నారు కాబోలని ఆగిపోయింది. ఆ అమ్మాయి తీరిగ్గా పోయి బుట్టలో వేసి వచ్చింది. వ్యాకరణం మేడమ్‌కి ఎంత పని చేసిందో చూడండి.

నాకు మేడమ్ పక్క కుర్చీ వచ్చింది ఆ రోజే. టైమ్ అవుట్‌లో మేడమ్ తమిళంలో చెప్తుంటే నేను పక్కనుంచి తెలుగులో అంటూ ఉంటాను. అంతటితో ఆగకుండా, మన ఎత్తుల నెంబర్లు తెలుగులో పెట్టుకుంటే ఎదుటివాళ్ళకి తెలియదు కదా అని కూడా మేం అనుకున్నాం. "రెండు" రెండు భాషల్లోనూ రెండే. పైగా ఇది చెన్నై. ఎదుటి జట్టులో కూడా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల ఒకతి ఉండనే ఉంటుంది. ఆ ఆలోచన అక్కడితో సరి.

అరుపులు పక్కన పెట్టి చూస్తే మేడమ్ అసలు పని కనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం నిశ్శబ్దంగా జరిగేదే.

ఆటని ఆపడం ఒకటి. మేం ఆడే ఫీబా నియమాల ప్రకారం టైమ్ అవుట్ అడిగే హక్కు కోచ్‌దీ, ఆమె సహాయకురాలిదీ మాత్రమే. కోర్టులో ఉన్నవాళ్ళు అడగడానికి లేదు. మొదటి రెండు క్వార్టర్లకి కలిపి రెండు, తర్వాతి రెంటికి మూడు. ఒక్కొక్కటి ఒక్క నిమిషం. ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు. రిఫరీ ఈల వేసి గడియారం ఆగినప్పుడో, ఎదుటివాళ్ళు మన బుట్టలో వేసినప్పుడో ఇస్తారు. అయిదుగురూ కోర్టులోంచి నడిచి వచ్చి కూర్చునేసరికే ఆ నిమిషంలో కొంత పోతుంది.

ఒక మ్యాచ్‌లో ఎదుటివాళ్ళు మమ్మల్ని వేయనీయకుండా వరసగా ఎనిమిది పాయింట్లు చేశారు. మేడమ్ టైమ్ అవుట్ అడిగారు. అయిదుగురూ ఒకేసారి మాట్లాడుతూ వచ్చారు. నువ్వెందుకు వదిలావంటే నువ్వెందుకు వెనక్కి రాలేదని. మేడమ్ ఏమీ అనలేదు. నీళ్ళు తాగనిచ్చారు. తువ్వాలు అందించారు. మాటలు వాటంతటవే తగ్గాక ఒక్కటే చెప్పారు. "నాలుగో నెంబరుకి ఎడమ చెయ్యి లేదు. ఎడమకు తొయ్యండి." నేను అది తెలుగులో అన్నాను. ఈల మోగింది. అంతే టైమ్ అవుట్. తెల్లబోర్డు మీద బాణాలు గీయలేదు, ఉపన్యాసం లేదు.

మేడమ్ ఆపినందువల్లే వాళ్ళ వరస తెగిందని నేననను. ఎవరి వరసైనా ఎప్పుడో ఒకప్పుడు తెగాల్సిందే. నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. అయిదు నోళ్ళు అయిదు మాటలు మోసుకొచ్చాయి. తిరిగి పోయేటప్పుడు అయిదుగురి దగ్గరా ఒకే మాట ఉంది.

ఆ ఒక్క మాట ఎక్కడినుంచి వచ్చింది? ఆడే అయిదుగురి కళ్ళూ బంతి మీద ఉంటాయి. చూసేవాళ్ళ కళ్ళూ బంతి మీదే. మేడమ్ మాత్రం బంతి లేని తొమ్మిదిమందిని చూస్తారు. ఆ మ్యాచ్ మొదటి క్వార్టర్లో నాకొక పని చెప్పారు. నాలుగో నెంబరు అమ్మాయి ఏ చేత్తో బంతి కొట్టుకుంటూ లోపలికొస్తుందో ప్రతిసారీ నోటుబుక్కులో గీత పెట్టమని. క్వార్టరు అయ్యేసరికి కుడి వైపు గీతలు వరసగా ఉన్నాయి. ఎడమ వైపు ఒక్కటీ లేదు. కోర్టులో ఉన్నవాళ్ళు అది గమనించలేరు. వాళ్ళ తెలివి తక్కువై కాదు, వాళ్ళ చేతిలో వేరే పనుండి.

ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో తేల్చడం ఇంకొకటి. క్రికెట్లో అయితే మామూలుగా ఉన్న పదకొండు మందితోనే ఆట నడవాలి. బాస్కెట్‌బాల్‌లో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఒక అమ్మాయికి అయిదు ఫౌళ్ళు అయితే ఆ మ్యాచ్‌కి ఆమె బయటే. అందుకని రెండో క్వార్టర్లోనే మూడో ఫౌలు పడిన అమ్మాయిని, ఆమె ఎంత బాగా ఆడుతున్నా సరే, మేడమ్ కూర్చోబెడతారు. చివరి క్వార్టరుకి ఆమె కావాలి కదా. చెప్పుకోవడానికి ఇది చిన్న లెక్క. కానీ ఒళ్ళు వేడెక్కి, చెయ్యి కుదిరి, జనం పేరు పెట్టి అరుస్తున్నప్పుడు బయటికి రమ్మంటే ఎవరికైనా మండుతుంది. వచ్చి నా పక్కన కూర్చుని తువ్వాలు మొహం మీద వేసుకుంటారు. మేడమ్ వెంటనే ఓదార్చరు. ఓ రెండు నిమిషాలు పోనిచ్చి, వాళ్ళవైపు చూడకుండా, కోర్టునే చూస్తూ, "మూడో క్వార్టరు సగంలో దిగుతావు. అంతవరకు ఆ పొడుగమ్మాయి ఎక్కడ అలిసిపోతోందో చూడు" అంటారు. తువ్వాలు కిందికి దిగుతుంది.

నన్ను దింపిన రోజు కూడా ఉంది. మా గార్డులిద్దరూ బాగా అలిసిపోయారు. మూడో క్వార్టరు ముగియడానికి ఒక్క నిమిషం ఉంది. మేడమ్ నావైపు తిరిగి, "నువ్వు బంతి ముట్టుకోకపోయినా పరవాలేదు. ఆ ఏడో నెంబరుని మాత్రం వదలొద్దు. ఆమె ఎక్కడుంటే నువ్వక్కడ" అన్నారు. ఆ నిమిషం నేను బంతి ముట్టుకోలేదు. ఏడో నెంబరు కూడా ముట్టుకోలేదు. స్కోరు షీటులో నా పేరుకి ఎదురుగా పాయింట్లేమీ లేవు. ఆ నిమిషంలో మా గార్డు కూర్చుని నీళ్ళు తాగింది. నాలుగో క్వార్టర్లో ఆమె పరుగు చూసినవాళ్ళకి ఆ నీళ్ళ సంగతి తెలియదు. నాన్న ప్రశ్నకి ఇది చిన్న జవాబని ఆయనకి చెప్పాను. సగం ఒప్పుకున్నారు.

ఇంకోటి జనం గొడవగా చూసేది, నేను పనిగా చూసేది. రిఫరీ ఇచ్చిన తీర్పు మీద మా సెంటర్ అక్కకి కోపం నషాళానికి అంటింది. నోరు తెరవబోయింది. ఈలోపల మేడమ్ లేచి, అక్క అనబోయిందానికంటే గట్టిగా అనేశారు. టెక్నికల్ ఫౌలు మేడమ్ మీద పడింది. ఎదుటివాళ్ళకి ఒక ఫ్రీ త్రో పోయింది. అదే అక్క అని ఉంటే ఫ్రీ త్రోతోపాటు ఆమె అయిదు ఫౌళ్ళలో అదొకటి అయ్యేది. కూర్చున్నాక మేడమ్ మొహంలో కోపం ఏమీ లేదు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ఇంతవరకు చదివి, ఇవన్నీ తెలివైన కెప్టెన్ కూడా చెయ్యగలదు కదా అని మీరు అడగొచ్చు. దానికి పెద్ద ఉదాహరణే ఉంది. అమెరికాలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు కోచ్ స్టీవ్ కెర్, 2018 ఫిబ్రవరి 12న ఫీనిక్స్ సన్స్‌తో మ్యాచ్‌లో బోర్డూ పెన్నూ ఆటగాళ్ళ చేతికిచ్చి తను ఊరుకున్నాడు. టైమ్ అవుట్లు ఇగుదాలా, డ్రేమండ్ గ్రీన్ లాంటి ఆటగాళ్ళే నడిపారు. 129–83తో గెలిచారు. ఎదుటి జట్టుని చులకన చేశాడని కొందరు విమర్శించారు. తన గొంతు విని విని వాళ్ళకి విసుగొచ్చిందని, జట్టు వాళ్ళదేనని కెర్ వివరణ ఇచ్చాడు. జాన్ వుడెన్ సంగతీ ఉంది. 1964 నుంచి 1975 లోపల పది జాతీయ టైటిళ్ళు గెలిచిన యు.సి.ఎల్.ఎ. కోచ్ ఆయన. మ్యాచ్‌లో చుట్టిన కాగితం చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. తన పని ప్రాక్టీసులోనే అయిపోయిందని ఆయన నమ్మకం. ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974–75లో ఆయన ప్రాక్టీసులకి పోయి, ఆయన అన్న మాటలు రెండు వేలకు పైగా లెక్కపెట్టారు. మెచ్చుకోళ్ళూ తిట్లూ కలిపినా చాలా తక్కువ. ముప్పావు వంతు, ఏది ఎట్లా చెయ్యాలో చెప్పడమే.

కాబట్టి ఖర్చు గురించి అడిగినవాళ్ళ మాటలో నిజం ఉంది. ఎత్తులు ముందే నేర్పొచ్చు. టైమ్ అవుట్ కెప్టెన్ కూడా నడపొచ్చు. కెప్టెన్ అంటే తక్కువేం కాదు. 19 ఏళ్ళకే భారత మహిళల జట్టుకి కెప్టెన్ అయి, 2021లో పద్మశ్రీ అందుకున్న అనితా పాల్‌దురై మన చెన్నై అమ్మాయే. నా వయసప్పుడు ఆమె దేశం జట్టుని నడిపింది.

అయితే కోచ్ లేని మ్యాచ్ ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. పోయిన సెమిస్టర్లో ఒక మ్యాచ్ రోజున మేడమ్ వాళ్ళమ్మకి ఆపరేషన్ జరిగింది. మేడమ్ రాలేకపోయారు. తోడుగా వచ్చిన లెక్చరర్‌కి ఆట తెలియదు, ఆ సంగతి ఆమే చెప్పారు. కోచ్ లేకపోతే కెప్టెనే కోచ్ అని నియమాల్లోనే ఉంది. మా కెప్టెన్ అక్క మూడో సంవత్సరం. ఆట తెలిసిన మనిషి, నిదానం ఉన్న మనిషి. టైమ్ అవుట్లు చక్కగా అడిగింది. ఎవర్నీ కసురుకోలేదు. మొదటి సగం మేమే ముందున్నాం.

మూడో క్వార్టర్లో అక్కకి నాలుగో ఫౌలు పడింది. మేడమ్ ఉంటే ఆ క్షణమే చెయ్యి ఊపి పిలిచేవారు. ఆ రోజు అక్కని పిలవాల్సిన మనిషి అక్కే. ఆమె బెంచీవైపు ఒకసారి చూసింది. మాలో ఆమెకంటే పెద్దవాళ్ళు లేరు. కూర్చో అని చెప్పడం మాలో ఎవరి పనీ కాదు. తను కూర్చుంటే లోపల ఎవరు చూసుకుంటారని ఆమెకి అనిపించి ఉంటుంది. ఆడుతూనే ఉంది. చివరి క్వార్టర్లో ఇంకా నాలుగు నిమిషాలు ఉండగా అయిదో ఫౌలు పడింది. మూడు పాయింట్లతో ఓడిపోయాం.

ఓడిపోవడం కొత్త కాదు. మేడమ్ ఉన్నప్పుడూ ఓడాం. మామూలుగా ఓడినప్పుడు తిరుగు వ్యాన్‌లో మేం చేసే పని ఒకటే, మురుకులు తింటూ మేడమ్‌ని తిట్టుకోవడం. ఆమెని ఎందుకు తీశారు, ఈమెని ఎందుకు దింపారు, ఆ టైమ్ అవుట్ ముందే అడగొద్దా అని. ముందు సీట్లో ఉన్న మేడమ్‌కి వినపడుతుంది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటారు. వ్యాన్ కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి తిట్లు అయిపోతాయి, పాటలు మొదలవుతాయి.

ఆ రోజు వ్యాన్‌లో ఒక్కరూ మాట్లాడలేదు. తిట్టుకోవడానికి మేడమ్ లేరు. మూడో క్వార్టర్లో అక్క తన రూమ్మేట్‌ని తీసేసి ఇంకో అమ్మాయిని దింపింది. ఆటపరంగా అది సరైనదే. ఆ రూమ్మేట్ నాలుగు రోజులు అక్కతో మాట్లాడలేదు. ఒకే గదిలో, రెండు మంచాల మధ్య మూడడుగులు కూడా ఉండదు. అక్క ఆ రాత్రి మెస్‌కి రాలేదు. మేడమ్ తీసి ఉంటే ఆ రూమ్మేటే అక్క పక్కన కూర్చుని మేడమ్‌ని నాలుగు మాటలని, ఇద్దరూ కలిసి తినేవాళ్ళు.

అప్పుడు నాకు తెలిసింది, మ్యాచ్‌లో కోచ్ చేసేది ఆట నడపడం ఒక్కటే కాదని. స్నేహితులు ఒకరి గురించి ఒకరు చెప్పుకోలేని మాట ఆమె చెప్తుంది. నువ్వు కూర్చో, నువ్వు దిగు, ఈ రోజు నీ వల్ల కావడం లేదు. ఇవి ఎవరో ఒకరు అనాల్సిందే, లేకపోతే ఆట నడవదు. అన్నవాళ్ళ మీద కోపం రాక తప్పదు. ఆ కోపం పన్నెండు మంది మధ్య పడకుండా గీత బయట నిలబడిన ఒక మనిషి మీద పడితే జట్టు జట్టుగా తిరిగొస్తుంది. ఆడుతూనే కోచ్‌గా ఉన్నవాళ్ళు లేరని కాదు. బిల్ రస్సెల్ 1966 నుంచి 1969 దాకా బోస్టన్ సెల్టిక్స్‌కి ఆటగాడూ కోచూ తనే అయి, రెండుసార్లు ఛాంపియన్‌గా నిలిపాడు. అందరూ బిల్ రస్సెల్లు కారు. ఇరవై ఏళ్ళ అమ్మాయిని, హాస్టల్లో అదే గదికి తిరిగి పోవాల్సినదాన్ని, బిల్ రస్సెల్‌లా ఉండమనడం న్యాయం కాదు.

కాబట్టి వచ్చే నెల ప్రయాణానికి లెక్క వేసేవాళ్ళకి నా విన్నపం ఇది. కోచ్ ఖర్చుని ఎత్తులు చెప్పడానికని రాయకండి. అవి మాకు వచ్చు. నాలుగో ఫౌలు పడ్డప్పుడు చెయ్యి ఊపి పిలవడానికని రాయండి. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చుని కిటికీ బయటికి చూడడానికని రాయండి.

మన శాఖ మిత్రులకి ఇంకో మాట. వచ్చే శుక్రవారం సాయంత్రం మన కోర్టులోనే స్నేహపూర్వక మ్యాచ్ ఉంది. రండి. మూడు క్వార్టర్లు బంతినే చూడండి. ఒక్క క్వార్టరు మాత్రం బెంచీవైపు చూడండి. మేడమ్ ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు ఊరుకుంటారు, బయటికి వచ్చిన అమ్మాయితో ఎంతసేపటికి మాట్లాడతారు అన్నది చూడండి. నేను ఆ పక్క కుర్చీలోనే ఉంటాను. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి గీతలు ఎట్లా పెట్టాలో కావాలంటే నోటుబుక్కు చూపిస్తాను.